మేనేజర్ నోటి దురుసు గురించి ఇంగ్లిష్‌లో కంప్లైంట్ రాయాలంటే ఏ మాట వాడాలి?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యూనిట్‌లో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్లు చూస్తుంటానండీ. మాది ఒంగోలు పక్కన పల్లెటూరు, చదువంతా తెలుగు మీడియమే. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు ఇంగ్లిష్ బాగానే వచ్చు గానీ మనసులో ఉన్నది రాయాలంటే చెయ్యి ఆడదు. కొత్తగా వచ్చిన మేనేజర్ గారు నోటికొచ్చినట్టు మాట్లాడతారు. మొన్న ఒక ప్యాకింగ్ లిస్టులో మూడు సెంటీమీటర్ల శ్లాబుల్ని రెండు సెంటీమీటర్లని పొరపాటున టైపు చేశాను. కంటైనర్ ఇంకా కదల్లేదు, వెంటనే దిద్దేశాను కూడా. అయినా లోడింగ్ వాళ్ళు, డ్రైవర్లు, ఆఫీసు మొత్తం వింటుండగా 'ఏమే, బుర్ర ఇంటికాడ పెట్టొచ్చావా, నీ మొహానికి ఉద్యోగం ఎవడిచ్చాడే' అన్నారు. ఇది మొదటిసారి కాదు. హెడ్డాఫీసు చెన్నైలో ఉంది, వాళ్ళకి ఇంగ్లిష్‌లో మెయిల్ పెట్టాలి. నాకు వచ్చినవి రూడ్, హార్ష్ రెండే. రాసుకుని చూస్తే పేజీ నిండా వెరీ హార్ష్, వెరీ వెరీ రూడ్ అని ఉంది. మా తమ్ముడు ఫోన్లో వెతికి బ్రూటల్, అట్రోషియస్, శాడిస్టిక్, టిరానికల్ అని బోలెడు ఇచ్చాడు. ఏది వాడితే నా బాధ వాళ్ళకి అర్థమవుతుంది? ఎక్కువ రాస్తే తిరిగి నా మీదకే వస్తుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.

సమాధానం:

అమ్మా, ముందు మీ తమ్ముడిచ్చిన లిస్టు పక్కన పెట్టండి. పిల్లాడు మీ మంచికే వెతికాడు, అతన్ని ఏమీ అనకండి. ఫోన్లో 'హార్ష్'కి బదులు వేరే మాటలు కావాలని అడిగితే ఒకేచోట కుప్పపోసి ఇస్తుంది గానీ, వాటిలో ఏది ఎండకి వాడతారో, ఏది కోర్టు వేసే శిక్షకి వాడతారో, ఏది మనిషి నోటికి వాడతారో విడదీసి చెప్పదు. హార్ష్ వెదర్ అంటారు, హార్ష్ పనిష్‌మెంట్ అంటారు, హార్ష్ లైట్ అంటారు, హార్ష్ వర్డ్స్ కూడా అంటారు. అన్నింట్లోనూ ఉన్నది కరుకుదనమే. తప్పు ఎవరిదో ఆ మాట చెప్పదు, న్యాయంగా కరుకుగా ఉన్నాడా అన్యాయంగా ఉన్నాడా అన్నది కూడా చెప్పదు. 'మా మేనేజర్ హార్ష్' అని రాస్తే చెన్నైలో చదివే ఆయన 'పని దగ్గర స్ట్రిక్టు కాబోలు, ఆ యూనిట్‌కి అలాంటోడే కావాలి' అనుకున్నా అనుకుంటాడు. మీరు పడ్డ మాటకి మెచ్చుకోలు తెచ్చిపెట్టినట్టు అవుతుంది.

మీ బాధ ఎంత పెద్దదో కొలిచి చెప్పే మాట కోసం వెతుకుతున్నారు మీరు, అందుకే దొరకడం లేదు. ఆయన ఏం చేశాడో చెప్పే మాట కోసం వెతకండి, దొరుకుతుంది. దానికి ఇంగ్లిష్ డిక్షనరీ కన్నా ముందు తెలుగులోనే ఒకసారి మిమ్మల్ని మీరు అడగండి: ఆయన కసిరాడా, ఈసడించాడా, ఎత్తిపొడిచాడా, వెక్కిరించాడా, బూతులు తిట్టాడా, బెదిరించాడా, పదిమందిలో పరువు తీశాడా? ఇవన్నీ ఒకటి కాదని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అత్తగారు కసురుకుంటే పట్టించుకోని కోడలు అదే అత్తగారు ఈసడిస్తే పుట్టింటికి వెళ్ళిపోతుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే తేడాలున్నాయి, మనం బడిలో రూడ్ ఒక్కటి నేర్చుకుని అన్నింటికీ దాన్నే తగిలించేస్తున్నాం.

కసురుకోవడం దగ్గర మొదలుపెడదాం, ఇది అన్నింటిలోకి చిన్నది. మాట తెంచినట్టు పొట్టిగా, మొహం చూడకుండా జవాబిస్తే కర్ట్ అంటారు. అదే పొట్టి మాటకి తొందర, విసుగు తోడైతే బ్రస్క్. మీరు చెబుతుండగానే మధ్యలో తుంచేసి వెళ్ళిపోతే ఎబ్రప్ట్. ఉన్నది ఉన్నట్టు మొహం మీదే అనేసే మనిషి బ్లంట్, కానీ దీన్ని జాగ్రత్తగా వాడాలి, ముక్కుసూటి మనిషని పొగిడేటప్పుడు కూడా ఇదే మాట వాడతారు. గొంతు మోటుగా ఉన్నా మనసు మంచిదైతే గ్రఫ్. ఇవన్నీ పద్ధతికి సంబంధించిన మాటలు, వీటి మీద ఏ హెడ్డాఫీసూ ఎవర్నీ పిలిచి అడగదు. మీ కేసు వీటిని ఎప్పుడో దాటిపోయింది కాబట్టి మెయిల్‌లో ఇవి అక్కర్లేదు. తెలిసి ఉండటం మాత్రం మంచిది, ఎందుకంటే ఆయన్ని అడిగినప్పుడు 'నేను కొంచెం బ్లంట్‌గా మాట్లాడతానండీ, అంతే' అని తప్పించుకునేది ఈ మాటల వెనక దాక్కునే.

ఇదే వరసలో అబ్రేసివ్ అని ఒకటుంది, అది మీకు డిక్షనరీ లేకుండానే అర్థమవుతుంది. మీ యూనిట్‌లో పాలిషింగ్ లైన్ చూస్తూనే ఉంటారుగా, హెడ్ల కింద బిగించే అబ్రేసివ్ రాళ్ళు మొదట ముతకవి, తర్వాత సన్నవి, నీళ్ళు పోస్తుంటే శ్లాబు మీద తిరుగుతూ పై పొరని గీరుకుంటూ పోతాయి. మనిషిని అబ్రేసివ్ అన్నప్పుడు కూడా అదే అర్థం, ఎవరితో మాట్లాడినా ఎదుటివాడిని రాపిడి పెట్టే స్వభావం. ఒక రోజు, ఒక సంఘటన గురించి చెప్పడానికి ఇది పనికిరాదు, ఆయన తీరు మొత్తం మీద చెప్పాలంటే పనికొస్తుంది. అయితే రాయిని గీరితే మీ చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలు బయటికొస్తాయి, మనిషిని గీరితే వచ్చేదేమీ లేదు, కాబట్టి 'గట్టిగా మాట్లాడితేనే పని జరుగుతుంది' అని ఎవరైనా మీకు సర్దిచెప్పబోతే ఒప్పుకోకండి.

సర్కాస్టిక్ అంటే వెటకారం. పైకి మెచ్చుకున్నట్టుండి లోపల పొడిచే మాట. 'అబ్బో, మేడం గారికి సెంటీమీటర్లు కూడా తెలుసే' అన్నట్టు. కాస్టిక్ అంటే అంతకన్నా ఘాటు, కాస్టిక్ సోడాలో ఉన్నది ఈ మాటే, కాల్చేది అని. స్కేథింగ్ అనేది ఎక్కువగా విమర్శకి వాడతారు, ఒక రిపోర్టునో ఒక పనినో చీల్చి చెండాడటం, అది న్యాయమైన విమర్శ కూడా కావచ్చు. కాబట్టి ఆయన మీ ప్యాకింగ్ లిస్టు గురించి మాత్రమే ఎంత తీవ్రంగా మాట్లాడినా అది స్కేథింగ్ దాకానే వస్తుంది. ఆయన లిస్టు వదిలేసి మీ మొహం దాకా వచ్చాడు చూశారూ, కథ మారింది అక్కడే.

మీకు కావలసిన మాటలు ఆ తర్వాత గుంపులో ఉన్నాయి, మనిషిని తక్కువ చేసే పనులకి వాడే మాటలు. ఇక్కడ నిదానంగా చూద్దాం.

మీరు చెప్పేది వినకుండా చెయ్యి ఊపి 'నీకేం తెలుసులే పో' అని తీసిపారేస్తే అది డిస్మిసివ్. మీకు బాగా తెలిసిన విషయమే చిన్నపిల్లకి అ ఆలు దిద్దించినట్టు చెబితే కాండిసెండింగ్, పేట్రనైజింగ్ అన్నా దాదాపు అదే. ఈ రెంటిలో గొంతు పెరగక్కర్లేదు, తిట్టూ ఉండక్కర్లేదు, నవ్వుతూ కూడా చెయ్యొచ్చు, అందుకే వీటిని పట్టుకుని పేరు పెట్టడం చాలామందికి రాదు. మీరు చేసిన పనిని, మీ తెలివిని చులకన చేస్తే బిలిటిల్. చీదరింపు కళ్ళలోనూ గొంతులోనూ కనిపిస్తే కంటెంప్ట్చువస్. ఉద్యోగానికి సంబంధం లేని, మనిషి స్థాయిని దించే పని చేయిస్తే లేదా అలాంటి మాట అంటే డిమీనింగ్, ఉదాహరణకి డాక్యుమెంటేషన్ చూసే మనిషిని కావాలని పిలిచి అందరి టీ గ్లాసులు కడగమనడం. ఇక పదిమంది ముందు పరువు తీస్తే హ్యుమిలియేట్. ఈ చివరి మాట మీదే. ఎందుకంటే దీని బలమంతా చూసేవాళ్ళు ఉండటంలో ఉంది. గదిలో తలుపేసి అదే మాట అంటే ఇన్సల్ట్, లోడింగ్ వాళ్ళు, డ్రైవర్లు వింటుండగా అంటే హ్యుమిలియేషన్. మీ మెయిల్‌లో ఈ తేడా కనిపించి తీరాలి.

తిట్ల సంగతి కొస్తే, అబ్యూసివ్ అనేది బరువైన మాట. అమర్యాదగా మాట్లాడిన ప్రతివాడూ అబ్యూసివ్ కాడు. తిట్టు ఉండాలి, ఆ తిట్టు మనిషిని గాయపరచడానికే అయ్యుండాలి. 'బుర్ర ఇంటికాడ పెట్టొచ్చావా' అన్నది ఇన్సల్టింగ్, 'నీ మొహానికి' అన్నది దాన్ని దాటి అబ్యూసివ్ వైపు వచ్చింది. అబ్సీన్ అంటే బూతు, మీరు చెప్పినదాంట్లో బూతు లేదు, కాబట్టి ఆ మాట వద్దు. డెరగేటరీ అంటే ఆడదానివనో, ఫలానా కులమనో, ఫలానా ఊరనో, చదువు లేదనో తక్కువ చేసి అనడానికి బాగా సరిపోతుంది. 'ఆడోళ్ళకి లెక్కలు ఎక్కడ అర్థమవుతాయి' లాంటి మాట ఆయన ఎప్పుడైనా అని ఉంటే అది డెరగేటరీ రిమార్క్, అది తేదీతో సహా రాయండి.

ఇప్పుడు అసలు కష్టమైనది చెబుతాను, ఇంగ్లిష్‌లో సరిగ్గా పట్టుబడనిది. మీకు నిజంగా గుచ్చుకున్నది 'బుర్ర' కాదు, 'ఏమే'. ఆ చివర ఉన్న 'ఎవడిచ్చాడే'లో ఏకారం. పెళ్ళయిన ఆడమనిషిని, కాకపోయినా సరే, ఆఫీసులో పైవాడు 'ఏమే' అంటే మన వైపు అది ఎంత మాటో మీకూ నాకూ తెలుసు. ఇంగ్లిష్‌లో నువ్వు అన్నా మీరు అన్నా యూ ఒక్కటే. మీ మెయిల్‌ని తర్జుమా చేసి 'వేర్ డిడ్ యూ లీవ్ యువర్ బ్రెయిన్' అని పెడితే చదివినవాడికి కొంచెం విసుగుపడ్డ మేనేజర్ కనిపిస్తాడు, అంతే, ఆ అవమానం మొత్తం దారిలోనే జారిపోతుంది. చాలామంది 'హి స్పోక్ టు మి ఇన్ సింగ్యులర్' అని రాస్తుంటారు. మనవాళ్ళకి అర్థమవుతుంది గానీ ఇంగ్లిష్ వాక్యంగా దానికి అర్థం లేదు.

ఇలా చెయ్యండి. ఆయన అన్న తెలుగు మాటని తెలుగు మాటగానే, ఇంగ్లిష్ అక్షరాల్లో, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. పక్కనే ఒక్క వాక్యం రాయండి, ఇది పెద్దవాళ్ళని గానీ తోటి ఉద్యోగుల్ని గానీ ఎవరూ పిలవని పిలుపు, బయటివాళ్ళని అలా పిలిస్తే తక్కువ చూపుతోనే అని. ఇంగ్లిష్‌లో 'ఎ డిస్‌రెస్పెక్ట్‌ఫుల్ ఫామ్ ఆఫ్ అడ్రస్, నెవర్ యూజ్డ్ ఫర్ ఎ కలీగ్' అంటే సరిపోతుంది. మీ అదృష్టం కొద్దీ హెడ్డాఫీసు చెన్నైలో ఉంది, అరవంలోనూ నీ, నీంగ అని మనలాగే తేడా ఉంది కాబట్టి చదివేవాళ్ళకి చటుక్కున తడుతుంది. ఆ మాటని సిగ్గుపడి దాచకండి. నోరు జారింది ఆయన, రాయడానికి మొహమాటపడాల్సింది మీరు కాదు.

మీ చిత్తుప్రతి నేను చూడలేదు గానీ, మన తెలుగు మాటల్లో కలిసిపోయిన ఇంగ్లిష్ ముక్కలు కొన్ని మెయిల్‌లోకి దూరితే ప్రమాదం, అవి చెప్పకుండా ఉండలేను. 'నా మీద ఫైర్ అయ్యాడు' అంటాం కదా. 'హి ఫైర్డ్ మి' అని రాశారంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేశాడని అర్థం, హెడ్డాఫీసు వాళ్ళు మీ లెక్క తేల్చమని అకౌంట్స్‌కి పంపినా ఆశ్చర్యం లేదు. 'రఫ్‌గా మాట్లాడాడు' అని మనం మామూలుగా అంటాం, 'హి వాజ్ రఫ్ విత్ మి' అంటే చెయ్యి చేసుకున్నాడేమో అన్న అనుమానం వస్తుంది. 'టార్చర్ పెడుతున్నాడు' అన్నది ఇంట్లో అనుకోవడానికి బాగానే ఉంటుంది, కాగితం మీద టార్చర్ అంటే ఒంటిని హింసించడం గుర్తొస్తుంది. 'స్కోల్డ్' తప్పు కాదు, కానీ అది అమ్మ పిల్లల్ని తిట్టినట్టు, టీచరు మందలించినట్టు వినిపిస్తుంది, మిమ్మల్ని మీరే చిన్నపిల్లని చేసుకున్నట్టు. రెప్రిమాండ్ ఇంకా వద్దు, అది అధికారం ఉన్నవాడు పద్ధతి ప్రకారం ఇచ్చే మందలింపు, ఆ మాట రాస్తే ఆయన చేసింది సక్రమమే అని మీరే సంతకం పెట్టినట్టు. షౌటెడ్ ఎట్ మి అనండి, చిన్న మాట, సూటి మాట, ఎవరూ కాదనలేని మాట. ఇన్సల్టివ్ అని చాలామంది రాస్తారు, అది ఇన్సల్టింగ్. హర్టెడ్ అని ఉండదు, హర్ట్ అంతే.

మిస్‌బిహేవ్డ్ అన్న మాట దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. బయటి దేశాల్లో అది పిల్లల అల్లరికి వాడే మాట. మన దేశంలో 'మిస్‌బిహేవ్డ్ విత్ మి' అని ఒక ఆడమనిషి రాస్తే చదివిన ప్రతివాడూ అసభ్యంగా ప్రవర్తించాడనే అనుకుంటాడు. అలాంటిది జరగనప్పుడు ఆ మాట రాస్తే రేపు విచారణలో 'అదేం జరగలేదండీ' అని మీరే చెప్పాల్సి వస్తుంది, అక్కడితో మీ మిగతా మాటల బలం కూడా పోతుంది. జరిగి ఉంటే, నాకు రాయలేక వదిలేసి ఉంటే, అప్పుడు దారి వేరే. పనిచేసేచోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులు ఆపడానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ ఇలాంటి ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అసభ్యమైన మాట కూడా ఆ చట్టం కిందకి వస్తుంది, సెక్షువల్లీ కలర్డ్ రిమార్క్స్ అని చట్టంలోనే రాసి ఉంది. జరిగిన మూడు నెలల లోపు కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. అంతకన్నా తక్కువ మంది పనిచేసేచోటైతే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది. ఇలాంటిది ఉంటే మేనేజర్ దురుసుతనం మెయిల్‌లో ఒక మూల కలిపేయకండి, విడిగా ఇవ్వండి.

మీ తమ్ముడి లిస్టులో అట్రోషియస్ చూసి నాకు కంగారేసింది. ఇంగ్లిష్‌లో అది ఘోరం అనే మాటే, 'అట్రోషియస్ స్పెల్లింగ్' అని కూడా అంటారు. కానీ మన దగ్గర అట్రాసిటీ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. మీరు అట్రోషియస్ అని రాస్తే హెడ్డాఫీసు లాయరు ముందు అటువైపు వెళ్తాడు. నిజంగా కులం పేరుతో తిట్టి ఉంటే, మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయ్యుండి ఆయన కాకపోతే, నలుగురు చూస్తుండగా అలా అవమానించడం ఆ చట్టం కింద నేరమే. దానికి ఆఫీసు మెయిల్ ఒక్కటే సరిపోదు, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలి, అక్కడ అన్న మాట అన్నట్టే చెప్పాలి. అలాంటిది లేనప్పుడు ఆ మాట జోలికి వెళ్ళకండి. ఆ చట్టం అవసరమైనవాళ్ళకి అవసరమైనప్పుడు బరువుగా ఉండాలి.

బ్రూటల్ ఎక్కువగా కొట్టడానికి, చంపడానికి వాడేది. శాడిస్టిక్ అంటే ఎదుటివాడి బాధ చూసి సంతోషపడే మనస్తత్వం, ఆయన మనసులోకి మీరు వెళ్ళి చూడలేదు కదా, రుజువు చెయ్యమంటే ఎలా చేస్తారు? టిరానికల్ ఎక్కువగా రాజులకి, ప్రభుత్వాలకి. ఈ మూడూ చదివినవాడు మీ బాధని కాదు, మీ కోపాన్నే చూస్తాడు.

టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు '504 పెట్టించు' అని కూడా సలహా ఇస్తారు. అది పాత శిక్షాస్మృతి ఐపీసీలో అవమానానికి సంబంధించిన సెక్షన్, ఇప్పుడు లేదు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో అది 352. పైగా ఉత్తి అవమానం చాలదు, అవతలివాడు రెచ్చిపోయి గొడవకి దిగేలా కావాలని అవమానించి ఉండాలి. మా వైపు స్టేషన్ అర్జీల్లో 'అబ్యూజ్డ్ మి ఇన్ ఫిల్తీ లాంగ్వేజ్' అని ఒక వాక్యం అచ్చు పోసినట్టు కనబడుతుంది, నెల్లూరులో రాసినా ఒంగోలులో రాసినా అదే వాక్యం. ఆ వాసన మీ మెయిల్‌కి తగలనివ్వకండి. మీరు అడుగుతున్నది ఆయన జైలుకి పోవాలని కాదు, మీరు తలెత్తుకుని పని చేసుకోవాలని.

ఇక హెరాస్‌మెంట్. ఒక్కసారి తిడితే మామూలుగా హెరాస్‌మెంట్ అనరు, మళ్ళీ మళ్ళీ జరగాలి. మీరు 'ఇది మొదటిసారి కాదు' అన్నారు. అయితే ఆ ముందువి ఎప్పుడెప్పుడు జరిగాయో గుర్తుచేసుకుని తేదీలు రాసుకోండి, తేదీ గుర్తులేకపోతే ఏ కంటైనర్ లోడ్ చేసిన రోజో గుర్తుచేసుకోండి, మీ దగ్గరున్న ఇన్‌వాయిస్ తేదీలే దారి చూపిస్తాయి. పక్కన ఎవరున్నారో కూడా రాసుకోండి. డ్రైవర్ల పేర్లు మెయిల్‌లో పెట్టకండి, కూటికి వచ్చినవాళ్ళు, వాళ్ళని ఇరికించడం ధర్మం కాదు. లోడింగ్ స్టాఫ్, డ్రైవర్లు ఉన్నారు అంటే చాలు, అడిగితే అప్పుడు చూద్దాం. రెండు మూడు సందర్భాలు తేదీలతో దొరికాయంటే 'రిపీటెడ్' అనే ఒక్క మాట రాయండి, వెరీ వెరీలన్నిటికన్నా దానికి బరువెక్కువ.

మీ తప్పు కూడా మీరే రాయండి. రెండు సెంటీమీటర్లని టైపు చేశాను, కంటైనర్ కదలకముందే దిద్దాను అని మొదటి వాక్యంలోనే. దాచితే ఆయన చెబుతాడు, ఆయన చెబితే అది పెద్దదవుతుంది. మీరు ముందే చెప్పేస్తే ఆయన చేతిలో ఆయుధం ఉండదు, చదివేవాళ్ళకి కూడా ఈ అమ్మాయి ఉన్నది ఉన్నట్టు రాస్తోందన్న నమ్మకం కుదురుతుంది.

రాత ఇలా ఉంటే బాగుంటుంది. ముందు తేదీ, మీ పొరపాటు, దిద్దిన సంగతి. తర్వాత వాక్యం 'హి షౌటెడ్ ఎట్ మి ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద లోడింగ్ స్టాఫ్ అండ్ డ్రైవర్స్'. ఆ కింద ఆయన అన్న తెలుగు మాటలు, పిలుపు గురించిన ఆ ఒక్క వివరణ. ఆ కింద 'దిస్ వాజ్ హ్యుమిలియేటింగ్' అని ఒకే ఒక్కసారి. ముందు జరిగినవి తేదీలతో రెండు మూడు వాక్యాల్లో. దీన్నంతా కలిపి ఒక పేరు పెట్టాలంటే అన్‌ప్రొఫెషనల్ అనండి. అది చప్పగా ఉందని మీకు అనిపించవచ్చు. కానీ ఆఫీసులో పనిచేసేవాడికి గట్టిగా తగిలే మాట అదే, ఎందుకంటే శాడిస్టు అంటే ఆయన నవ్వేసి పోతాడు, అన్‌ప్రొఫెషనల్ అంటే తన ఉద్యోగం తనకి చేతకాదన్నట్టు అవుతుంది, దానికి జవాబు చెప్పుకోవాలి. ఇన్అప్రోప్రియేట్ అని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి, ఆ మాట దేనికైనా సరిపోతుంది కాబట్టి ఏదీ చెప్పదు.

చివర్లో మీకేం కావాలో అడగండి, చాలామంది ఇది మర్చిపోయి ఏడుపుతో ఆపేస్తారు. పొరపాట్లు ఉంటే నాకు విడిగా గానీ మెయిల్‌లో గానీ చెప్పేలా చూడండి, అందరి ముందు ఇలాంటి మాటలు ఆగేలా చూడండి అని రెండు వాక్యాలు. మొత్తం అరపేజీ దాటనివ్వకండి.

పైన సబ్జెక్ట్ లైన్‌లో ఆయన పేరు పక్కన హార్ష్ అనో రూడ్ అనో పెట్టకుండా 'ఇన్సిడెంట్ ఆన్' అని తేదీ మాత్రం వెయ్యండి. పంపేముందు ఆఫీసు బయట మనిషి, మీ తమ్ముడైనా సరే, ఒకసారి చదివి అందులో ఆయన చేసిన పనులు ఎన్ని ఉన్నాయో, ఆయన ఎలాంటివాడో అన్న మాటలు ఎన్ని ఉన్నాయో చూడమనండి. రెండో రకం మాటలు ఎక్కువగా ఉంటే వాటిలో సగం కొట్టేయండి. కంపెనీ మెయిల్ నుంచే పంపి, మీ సొంత మెయిల్‌కి ఒక కాపీ పెట్టుకోండి. వాళ్ళు ఏం జవాబిచ్చారో నాకూ రాయండి, దానికి తిరుగు జవాబు రాయాల్సి వస్తే కలిసి రాద్దాం.